ఘాట్ ఎక్కేటప్పుడే ఇంజిన్ ఎందుకు మిస్ అవుతుంది? ఎందుకు ఆగిపోతుంది?

అందరికీ నమస్కారం. ఒడిశాలోని కొరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో కార్లు నడిపే తెలుగువారు తరచుగా అడిగే ఒక సమస్య గురించి ఈ రోజు వివరంగా మాట్లాడతాను. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టగానే ఇంజిన్ కుదుపుతుంది, పికప్ పడిపోతుంది, ఒక్కోసారి మలుపులోనే ఆగిపోతుంది. ఎలాగో పైకి చేరి పొట్టంగిలోనో సిమిలిగుడలోనో మెకానిక్ షెడ్డు ముందు నిలిపితే అదే బండి ఏ లోపమూ లేనట్టు తిరుగుతుంది. లోపం కంటికి కనిపించదు కాబట్టి ముందు ప్లగ్గులు, తరువాత పెట్రోల్ పంపు, ఆపైన ఏదో ఒక సెన్సర్ మారుస్తారు. డబ్బు ఖర్చవుతుంది, జబ్బు అలాగే ఉంటుంది. ఏ భాగం మార్చాలని అడిగే ముందు, లోపం ఎప్పుడు బయటపడుతోందో గమనించి కాగితం మీద రాసుకోండి. ఎత్తు ఎక్కేటప్పుడా, ఐడిలింగ్‌లోనా (బండి ఆగి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు), ఇంజిన్ బాగా వేడెక్కాకా, వాన పడ్డ మర్నాడు ఉదయమా? సగం రోగనిర్ధారణ ఆ కాగితంలోనే ఉంటుంది. ఇక్కడ చెప్పేదంతా పెట్రోల్ ఇంజిన్ గురించే.

ముందుగా ఒక అనుమానం తీర్చాలి. కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి సాంద్రత దాదాపు పదో వంతు తగ్గుతుంది కాబట్టి, టర్బో లేని ఇంజిన్ బలం కూడా ఇంచుమించు అంతే తగ్గుతుంది. కుదుపు లేకుండా, ఒకే తీరుగా లాగుడు తగ్గితే అది ఎత్తు వల్ల కలిగే సహజమైన మార్పు. దానికి మరమ్మతు అక్కర్లేదు. కుదుపులు వస్తే, ఉండి ఉండి ఒక దెబ్బ తప్పినట్టు అనిపిస్తే, అది మిస్‌ఫైర్, అంటే ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండకపోవడం.

ఎత్తు మీదే అది బయటపడడానికి స్పష్టమైన కారణం ఉంది. తక్కువ వేగంలో యాక్సిలరేటర్ లోతుగా తొక్కినప్పుడు సిలిండర్ నిండా గాలి చేరుతుంది, పిస్టన్ దాన్ని నొక్కగానే ప్లగ్గు మొనల దగ్గర పీడనం బాగా పెరుగుతుంది. పీడనం పెరిగిన కొద్దీ ఆ సందు దాటడానికి నిప్పురవ్వకు ఎక్కువ వోల్టేజ్ కావాలి. చాలా కార్లలో ఆ సందు 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. మీ కారుకు ఎంత ఉండాలో మాన్యువల్‌లో చూడండి. మొనలు అరిగి సందు పెరిగినా, ప్లగ్గుకు వోల్టేజ్ అందించే కాయిల్ బలహీనపడినా, కాయిల్ కింది రబ్బరు బూటు చిట్లినా ఐడిలింగ్‌లో ఏమీ తెలియదు, ఎందుకంటే అప్పుడు తక్కువ వోల్టేజ్ సరిపోతుంది. ఘాట్ మీద మాత్రం ఆ విద్యుత్తు సందు దాటలేక, బూటు చీలికలోంచి ఇంజిన్ హెడ్డుకు పారిపోతుంది. ప్లగ్గు తెల్లటి పింగాణీ మీద సన్నటి నల్లగీత కనిపిస్తే అదే దాని దారి. అప్పుడు ప్లగ్గును, బూటును రెండింటినీ కలిపి మార్చాలి. ఒక్కటే మారిస్తే పాతది కొత్తదాన్ని పాడుచేస్తుంది.

కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెడితే పీ0300 (ఏ ఒక్క సిలిండర్‌దో తేలని మిస్‌ఫైర్) గానీ, పీ0301 నుంచి పీ0304 వరకు (ఆఖరి అంకె సిలిండర్ నంబరు) ఏదో ఒకటి గానీ రావచ్చు. పీ0302 అంటే రెండో సిలిండర్‌లో దెబ్బ తప్పుతోందని మాత్రమే అర్థం; ఏ భాగం చెడిందో ఆ కోడ్ చెప్పదు. ఇంజిన్ ఆపి, రెండో సిలిండర్ కాయిల్‌ను మూడో సిలిండర్‌కు, మూడోదాన్ని రెండోదానికి మార్చి, కోడ్ చెరిపి, మళ్లీ అదే ఎత్తు ఎక్కండి. కోడ్ పీ0303గా మారితే దోషం కాయిల్‌దే. మారకపోతే ఇదే పద్ధతిలో ప్లగ్గును, ఆ తరువాత పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్‌ను పరీక్షించాలి. ఖర్చు లేకుండా తేలే ఇంత మంచి పరీక్ష మరొకటి లేదని నా గట్టి నమ్మకం. అయితే ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ పీకకండి. వేల వోల్టుల షాక్ కొడుతుంది, కాయిల్ కూడా కాలిపోవచ్చు.

మెకానిక్‌లు సైతం పొరబడే చోటు ఒకటుంది. మండని మిశ్రమంలోని ఆక్సిజన్ అలాగే సైలెన్సర్ వైపు వెళ్లిపోతుంది కాబట్టి, పెట్రోల్ తక్కువైందని ఆక్సిజన్ సెన్సర్ చెబుతుంది. నిజానికి తప్పింది నిప్పురవ్వ. ఆ రీడింగ్ ఒక్కటే చూసి పెట్రోల్ పంపు మార్చకూడదు. ఫ్యూయల్ ట్రిమ్‌ను, అంటే కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత పెంచుతోందో తగ్గిస్తోందో స్కానర్‌లో చూపే అంకెను, రెండు చోట్ల చూడాలి. ఐడిలింగ్‌లో ఎక్కువగా ఉండి, 2500 ఆర్‌పీఎమ్ దగ్గర తగ్గితే ఎక్కడో పైపు చిట్లి గాలి లోపలికి పోతోంది. ఎత్తు ఎక్కే కొద్దీ పెరుగుతుంటే పెట్రోల్ సరిపోవడం లేదు; అప్పుడు గేజ్ పెట్టి పీడనం చూడాలి. చాలా కార్లలో అది 3 నుంచి 4 బార్ ఉంటుంది.

ఇక ఇంజిన్ ఆగిపోవడం. అది ఎలా ఆగిందో ఆర్‌పీఎమ్ ముల్లు చెబుతుంది. వేడెక్కాక బండి నడుస్తుండగానే ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడి, అరగంట చల్లారాక మళ్లీ స్టార్ట్ అయితే ఇంజిన్ తిరుగుడును కంప్యూటర్‌కు తెలిపే క్రాంక్ సెన్సర్‌ను అనుమానించండి. లాగుడు మెల్లమెల్లగా తగ్గుతూ ఆగితే పంపు, ఫిల్టర్ చూడాలి. సిగ్నల్ దగ్గర కాలు తీయగానే ఆగిపోతే ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీలో మసి పేరుకుని ఉండవచ్చు. శుభ్రం చేశాక కొన్ని కార్లకు స్కానర్‌తో ఐడిల్ రీలెర్న్ (ఐడిలింగ్ వేగాన్ని కంప్యూటర్‌కు మళ్లీ నేర్పడం) చేయాలి.

వానాకాలంలో మరో కారణం తోడవుతుంది. ఇప్పుడు అమ్ముతున్న పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ట్యాంకులోకి నీరు ఎక్కువగా చేరితే ఇథనాల్ ఆ నీటితో కలిసి అడుగుకు దిగుతుంది, పంపు ముందుగా దాన్నే లాగుతుంది. గాజు సీసాలో కొద్దిగా పట్టి నిలకడగా ఉంచితే రెండు పొరలు కనిపిస్తాయి. అప్పుడు ట్యాంకు ఖాళీ చేయించడం తప్ప దారి లేదు.

ఇవన్నీ బాగున్నా ఒకే సిలిండర్ మిస్ అవుతుంటే కంప్రెషన్ పరీక్ష (సిలిండర్‌లో గాలి ఎంత పీడనానికి నొక్కబడుతోందో కొలవడం) చేయించాలి. తక్కువగా ఉన్న సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోశాక రీడింగ్ పెరిగితే పిస్టన్ రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వులను అనుమానించాలి.

చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటుంటే బండి నడపకండి. మండని పెట్రోల్, పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి, దాని లోపలి సిరామిక్‌ను కరిగిస్తుంది. కాయిల్‌తో పోయే ఖర్చు ఎన్నో రెట్లవుతుంది. దిగుడులో ఇంజిన్ ఆగిపోతే భయపడకండి. పెడల్ నొక్కడాన్ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్‌లో ఒకటి రెండు సార్లకు సరిపడా వాక్యూమ్ మిగిలి ఉంటుంది. పెడల్‌ను పదేపదే వదిలి తొక్కకుండా, ఒకే పట్టుగా బలంగా నొక్కి రోడ్డు పక్కకు ఆపండి. స్టీరింగ్ బరువెక్కినా తిరుగుతుంది. తాళంచెవి మాత్రం బయటికి లాగకండి, స్టీరింగ్ లాక్ పడుతుంది.

మరమ్మతు అయ్యాక షెడ్డు చుట్టూ చదునైన రోడ్డు మీద తిప్పి చూపిస్తే ఒప్పుకోకండి. కోడ్‌లు చెరిపించి, స్కానర్ తగిలించే ఉంచి, మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, మునుపటిలా మనుషులతో, అదే గేర్‌లో, లోపం వచ్చిన ఎత్తునే ఎక్కండి. పైకి చేరాక పెండింగ్ కోడ్ (ఇంకా ఖాయం కాని లోపం కోడ్) ఏదైనా మిగిలిందేమో చూసి, ఆ తరువాతే బిల్లు కట్టండి.