ఎంఐఎస్ క్లాసులో సైకిలా, జీడిపిక్కా? విజయనగరం స్టూడియో చర్చ

(పాల్గొన్నవారు: ఎంఐఎస్ బోధించే అధ్యాపకురాలు, ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ రిటైర్డ్ ప్రొఫెసర్, ఈఆర్‌పీ (కంపెనీ కొనుగోళ్లు, నిల్వలు, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) కన్సల్టెంట్. మాటలు దొర్లినవి దొర్లినట్టే.)

మోడరేటర్: నమస్కారం. బీటెక్‌తో పాటు మేనేజ్‌మెంట్ చదివే పిల్లలకి ఎంఐఎస్, అంటే మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, రాతపరీక్ష ఎత్తేసి 100 మార్కులూ ప్రాజెక్టుకే పెడదామని మన దగ్గర ఒక కాలేజీ అనుకుంటోంది. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గొడవ. ఈరోజు అందరికీ సమాన సమయం. మేడమ్, ముందు మీరు. ఇంత గొడవెందుకండీ, శాప్ అనే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ నేర్పేస్తే ఉద్యోగం వచ్చేస్తుంది కదా?

అధ్యాపకురాలు: శాప్ పనిముట్టండీ. ఎంఐఎస్‌లో చెప్పేది వేరు. ఏ నిర్ణయానికి ఏ సమాచారం కావాలి, అది ఎక్కడ పుడుతుంది, ఎవరు రాస్తారు, ఎవరికి ఎప్పటికి చేరాలి. మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ ఆంథొనీ 1965లో చెప్పిన మూడు అంచెలు, అంటే పైన వ్యూహం, మధ్యలో అదుపు, కింద రోజువారీ పని, ఇప్పటికీ...

కన్సల్టెంట్: మేడమ్, ఆ పిరమిడ్ బొమ్మ...

అధ్యాపకురాలు: నేనింకా మొదలే పెట్టలేదండీ.

కన్సల్టెంట్: ...పిరమిడ్ బొమ్మ అందరూ గీస్తారు, మార్కులు పడతాయి. అదే పిల్లాణ్ణి పలాసలో జీడిపిక్కల గోదాం ముందు నిలబెట్టి, ఇక్కడ ఏ లెక్క రాయాలో చెప్పు అనండి. నోరు పెగలదు. ల్యాబ్‌లో ఏటి చేయిస్తన్నారు? శాప్ వాళ్లు కాలేజీలకిచ్చే గ్లోబల్ బైక్ అనే ఊహా సైకిల్ కంపెనీ. డాలస్‌లో సైకిలు, హైడెల్‌బర్గ్‌లో సైకిలు. శాప్ స్క్రీన్లో ఎంఈ21ఎన్ అనే కోడు కొడితే ఆర్డరు, మిగో కొడితే సరుకు దిగినట్టు, మైరో కొడితే బిల్లు ఎక్కినట్టు. స్క్రీన్‌షాట్లు అంటించి రికార్డు సబ్మిట్.

మోడరేటర్: అంటే శాప్ వద్దంటారు! ఇది పెద్ద మాటే.

కన్సల్టెంట్: వద్దనలేదండీ, తర్వాత అన్నాను. ముందు కాగితం మీద చేయించండి. ఆర్డరు 100 బస్తాలు, బస్తా 80 కేజీలు. దిగినవి 98. బిల్లు మాత్రం 100కి. తేడా 160 కేజీలు, కేజీ 120 అనుకుంటే 19,200 రూపాయలు. ముగ్గురు పిల్లల్ని కూర్చోబెట్టండి. ఒకడు ఆర్డరు, ఒకడు గోదాం, ఒకడు బిల్లు. గోదాం వాడి కాగితంలో బస్తాల సంఖ్య ఖాళీగా ఉండాలి. ముందే 100 అని కనిపిస్తే లెక్కపెట్టడు, టిక్కు పెట్టేస్తాడు. ఈ ఒక్క గడి ఖాళీగా ఎందుకు ఉంచాలో తెలిసినవాడికి మిగో స్క్రీను అరగంటలో వచ్చేస్తుంది.

ప్రొఫెసర్: బాబూ, నువ్వు చెప్పింది మంచిదే, కానీ అది ల్యాబ్. చర్చ పరీక్ష గురించి. ప్రాజెక్టుకే 100 పెడితే ఒకడు చేస్తాడు, నలుగురు పేర్లు రాసుకుంటారు. ఇప్పుడు ఏఐని అడిగితే టేబుళ్లు, సంబంధాల బొమ్మ అన్నీ నిమిషంలో...

మోడరేటర్: ఆ! ఏఐ వచ్చాక కూడా శాప్ ఉద్యోగాలు ఉంటాయంటారా మాస్టారూ?

ప్రొఫెసర్: (నవ్వు) నేను నార్మలైజేషన్ గురించి, అంటే టేబుళ్లని సరిగ్గా విడగొట్టడం గురించి చెప్పబోతున్నానయ్యా. కంప్యూటర్ శాస్త్రవేత్త కాడ్ 1970లో రిలేషనల్ మోడల్, అంటే డేటాని టేబుళ్లుగా పెట్టే పద్ధతి, రాశాడు. దాన్ని నిర్వచనాలు వల్లించి చెబితే రాదు. పిల్లవాడు లాటు, అంటే ఒకసారి కొన్న సరుకు, దానికి టేబుల్ వేసి అందులో జీడిపప్పు గ్రేడ్లు డబ్ల్యూ240 ఒక కాలమ్, డబ్ల్యూ320 ఒక కాలమ్, బద్ద ఒకటి, ముక్క ఒకటి పెడతాడు. రేపు డబ్ల్యూ180 గ్రేడు మొదలెడితే? టేబులే మార్చాలి. లాటు ఒక టేబుల్, దిగుబడి ఇంకో టేబుల్. రెండోదాన్లో లాటు నంబరు, గ్రేడు, కేజీలు, గ్రేడుకి ఒక వరుస. ఇది రాతపరీక్షలో పది నిమిషాల్లో పట్టుకోవచ్చు.

అధ్యాపకురాలు: అవును సార్, పైగా...

కన్సల్టెంట్: మాస్టారూ, మీరే నా వైపు వచ్చేశారు! జీడిపిక్కనే ఎత్తుకున్నారు. ఇప్పుడు అసలు సంగతి వినండి. పుస్తకంలో సైకిలుకి పది భాగాలు కలిపితే ఒక సైకిలు. ఇక్కడ తిరగబడి ఉంటుంది. ఒక పిక్క కొడితే గుండు, బద్ద, ముక్క, తొక్క. ఒకటి లోపలికి, నాలుగు బయటికి. పిల్లలు గీసే బిల్ ఆఫ్ మెటీరియల్, అంటే ఒక వస్తువుకి ఏ భాగాలు ఎన్ని కావాలో చెప్పే జాబితా, ఇక్కడ పనిచేయదు.

అధ్యాపకురాలు: దాన్ని కో-ప్రొడక్ట్, అంటే ఒకే సరుకులోంచి కలిసి వచ్చే వస్తువు, కింద...

కన్సల్టెంట్: వస్తన్నాను మేడమ్. రెండు లాట్లు తీసుకోండి. మొదటిది కేజీ 120, బస్తాకి 20 కేజీల పప్పు. బస్తా 80 కేజీల ధర 9,600ని 20తో భాగిస్తే పప్పు కేజీ 480 పడింది. రెండోది చవక, కేజీ 112. కానీ బస్తాకి 18 కేజీలే. 8,960ని 18తో భాగిస్తే దాదాపు 498. కేజీకి 8 రూపాయలు తక్కువకి కొన్న పిక్క, పప్పయ్యేసరికి 18 ఎక్కువ పడింది! ఈ రిపోర్టు కావాలి యజమానికి. ఎందుకు రాదు? పిక్క ఉడికించేటప్పుడు రెండు లాట్లూ కలిపేస్తారు. అక్కడితో లాటు నంబరు చచ్చిపోయింది. ఆ తర్వాత పది లక్షల సాఫ్ట్‌వేర్ పెట్టినా ఆ లెక్క తిరిగి రాదు. ఉడికించడం, కొట్టడం, ఆరబెట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగు. అయిదు చోట్లా ట్రేకి చీటీ ఉండాలి. పిల్లాడు పట్టుకోవాల్సింది ఆ చీటీ ఎక్కడ ఊడిపోయిందన్నది.

మోడరేటర్: అద్భుతం. ఇది ప్రేక్షకులకి బాగా అర్థమైంది. అయితే ఈ చీటీ శాప్‌లో ఉంటుందా?

కన్సల్టెంట్: బ్యాచ్ నంబరని ఉంటుంది. చీటీ లేకపోతే దాన్లో ఏటి కొడతారు?

ప్రొఫెసర్: దీనికి పాతదే ఒక ఉదాహరణ ఉంది. అమెరికాలో హెర్షీ చాక్లెట్ కంపెనీ, 1999. నాలుగేళ్లు పట్టాల్సిన ఈఆర్‌పీని 30 నెలల్లో ముగించాలని పట్టుబట్టి, హాలోవీన్ ఆర్డర్లొచ్చే ముందు జూలైలో అన్నీ ఒకేసారి ఆన్ చేశారు. దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు పంపలేకపోయారు.

కన్సల్టెంట్: చాక్లెట్ ఎందుకు మాస్టారూ, మనకి...

ప్రొఫెసర్: పండగ ముందు ఆన్ చేయకూడదన్నది ఎక్కడైనా ఒకటే బాబూ!

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

అధ్యాపకురాలు: నాకు ఒక్క నిమిషం ఇవ్వండి. క్లాసులో 60 మంది, ల్యాబ్‌లో 30 సిస్టమ్స్. అయిదుగురు చొప్పున 12 గ్రూపులు. ఎవరు చేశారో తేలాలంటే గ్రూపుకి అరగంట వైవా, మొత్తం ఆరు గంటలు. అదీ ఒక్కసారికే. మధ్యలో రెండు సమీక్షలు పెడితే 18 గంటలు. అది ఎవరి టైంటేబుల్లో ఉంది? పలాస యూనిట్ వాళ్లు తమ కొనుగోలు రేట్లు పిల్లలకి చూపిస్తారా? నేననేది, 40 మార్కులు రాత, 60 ప్రాజెక్టు. రాతలో నిర్వచనాలు వద్దు. తప్పుగా వేసిన టేబుల్ ఇచ్చి దిద్దమనాలి.

మోడరేటర్: సరే, కానీ 40 మార్కుల రాతపరీక్షతో శాప్ ఉద్యోగం...

అధ్యాపకురాలు: శాప్ గురించి నేనేమీ అనలేదండీ.

కన్సల్టెంట్: రేట్లు చూపించక్కర్లేదు. కేజీ వంద అని రాసుకోమనండి, పద్ధతి ముఖ్యం. ఎక్సెల్ సంగతే తీసుకోండి. జీఎస్టీలో సరుకుని గుర్తించే హెచ్‌ఎస్‌ఎన్ కోడు జీడిపప్పుకి 0801. ఎక్సెల్‌లో కొడితే ముందు సున్నా ఎగిరిపోయి 801 అవుతుంది. కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చాలి. సిస్టమ్ సెట్టింగు అమెరికాదైతే 03/04 అన్నది ఏప్రిల్ 3 కాదు, మార్చి 4. డేటా ఎక్కించే ఫైల్లో ఇవే ముందు తగలడతాయి. తర్వాత కొలతలు. పిక్క బస్తాల్లో, పప్పు కేజీల్లో, డబ్బా 10 కేజీలు, ఎగుమతి డబ్బా 11.34 కేజీలు. ఏ కొలతలో నిల్వ ఉంచాలో తేల్చకుండా టేబుల్ గీస్తే...

ప్రొఫెసర్: ఇవన్నీ రాతపరీక్షలో అడగొచ్చని నేను మళ్లీ చెబుతున్నాను.

కన్సల్టెంట్: అడగొచ్చు మాస్టారూ, కానీ అడగరు. పాత పేపర్లు తీసి చూడండి. 'ఎంఐఎస్ పాత్రను వివరింపుము.'

మోడరేటర్: (నవ్వు) ఇది మాత్రం నిజం. 50,000 రూపాయలు దాటిన సరుకు తరలించడానికి ఈ-వే బిల్లు అంటారు కదా, అది కూడా ఎంఐఎస్‌లో వస్తుందా? మా ప్రేక్షకుల్లో లారీ యజమానులు చాలామంది ఉన్నారు.

కన్సల్టెంట్: ఎందుకు రాదు? 200 కిలోమీటర్లకి ఒక రోజు గడువు. లారీ మారితే ఆ బిల్లులో లారీ వివరాలుండే పార్ట్-బి మార్చాలి...

అధ్యాపకురాలు: మనం పరీక్ష గురించి మాట్లాడుతున్నాం కదండీ.

మోడరేటర్: వస్తున్నాం మేడమ్, సమయం అయిపోతోంది. మొత్తానికి చర్చలో తేలిందేమిటంటే, జీడిపిక్కతో మొదలుపెట్టాలి, చివర్లో శాప్. అంతేనా సార్?

కన్సల్టెంట్: అంతే. చీటీ ముందు.

ప్రొఫెసర్: తేలిందని ఎవరన్నారయ్యా? నేను పరీక్ష ఉండాలన్నాను, మేడమ్ 40-60 అన్నారు.

అధ్యాపకురాలు: ఆ 18 గంటలు ఎక్కణ్ణుంచి తెస్తారో కూడా ఎవరూ...

మోడరేటర్: దాని మీద మరో కార్యక్రమం పెట్టుకుందాం మేడమ్. సార్, చిన్న విరామం తర్వాత ఆ పార్ట్-బి సంగతి వివరంగా చెబుదురుగాని.