తాతగారి తుపాకీ గొట్టం కోయించవచ్చా?

వ్యాఖ్యాత: నమస్కారం. తాతల నాటి డబుల్ బ్యారెల్ తుపాకీ బీరువాలో భద్రంగా ఉన్న ఇళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. ఒక ప్రేక్షకుడు ఇలా అడిగారు: ‘లైసెన్సు నా పేరునే ఉంది. గొట్టం కొన తుప్పు పట్టి చిట్లింది. ఆ రెండంగుళాలు కోయించుకుంటే తప్పవుతుందా?’

న్యాయవాది: తప్పేనండి, అదీ చిన్న తప్పు కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం 6వ సెక్షను ప్రకారం గొట్టం పొడవు తగ్గించడానికి ప్రత్యేకంగా లైసెన్సు ఉండాలి. తుపాకీ ఉంచుకోవడానికి ఇచ్చిన లైసెన్సు అందుకు చెల్లదు. ఇన్ని అంగుళాల వరకు ఫరవాలేదన్న వెసులుబాటు కూడా ఆ సెక్షనులో లేదు. ఇంతకుముందు దీనికి 3 నుంచి 7 ఏళ్ల జైలు ఉండేది. 2019 సవరణతో అది కనీసం 7 ఏళ్లకు, గరిష్ఠంగా యావజ్జీవానికి పెరిగింది.

వ్యాఖ్యాత: రెండంగుళాల ఇనుముకు యావజ్జీవమా?

విశ్రాంత పోలీసు అధికారి: పొడవాటి తుపాకీని భుజాన వేసుకుని వెళ్తుంటే ఊరంతా చూస్తుంది. గొట్టం కోసేస్తే అదే తుపాకీ దుప్పటి మాటున ఇమిడిపోతుంది. చట్టం భయమంతా అక్కడే ఉంది. పొలం కాపలాకు లైసెన్సు తీసుకున్న రైతుకు ఆ ఉద్దేశం లేకపోవచ్చు గాని, సెక్షను మాటల్లో రైతుకు మినహాయింపు లేదు.

న్యాయవాది: ఇంకో చిక్కు ఏమిటంటే, మనవాళ్లు అమెరికా వీడియోలు చూసి అక్కడి లెక్కలే ఇక్కడా చెల్లుతాయనుకుంటారు. అక్కడి 1934 నాటి ఫెడరల్ చట్టం షాట్‌గన్ గొట్టానికి 18 అంగుళాలు, రైఫిల్ గొట్టానికి 16 అంగుళాలు హద్దుగా పెట్టి, అంతకన్నా పొట్టివాటికి ముందుగా అనుమతి, నమోదు ఉండాలంటుంది. టెక్సస్‌లో స్థిరపడిన మనవాళ్లు ఆ కొలతలు చూసుకోవలసిందే. కర్నూలులో ఉన్నవారికి వాటితో పని లేదు. చప్పుడు తగ్గించే సైలెన్సరు సంగతీ అంతే. మన చట్టంలో ‘తుపాకీ’ నిర్వచనంలోనే అది కూడా చేరి ఉంది కనుక, విడిభాగమే కదా అని తెప్పించుకుంటే కేసు తప్పదు.

తుపాకుల దుకాణదారు: మా దగ్గరికి వచ్చేవారిలో గొట్టం కోయమనేవారు తక్కువండి. తుప్పు వదిలించి మెరుగు పెట్టించమనేవారే ఎక్కువ. అసలు ప్రమాదం అక్కడే ఉందని వారికి తెలియదు. గొట్టం మీద చెక్కిన నంబరు పాత తుపాకుల్లో అప్పటికే సగం అరిగి, వేలితో తడిమితే తప్ప తెలియకుండా ఉంటుంది. ఊళ్లో లేతు మిషను ఉన్న కుర్రాడికి ఇస్తే ఎమెరీ కాగితంతో అయిదు నిమిషాల్లో అద్దంలా మెరిపిస్తాడు, ఆ మెరుపుతో పాటే నంబరూ పోతుంది. ఎన్నికలప్పుడు స్టేషనులో డిపాజిట్ చేయడానికి వెళ్లినప్పుడు లైసెన్సు పుస్తకంలోని నంబరుతో సరిచూస్తే, తుపాకీ మీద ఏమీ కనబడదు.

న్యాయవాది: అప్పుడు 8వ సెక్షను ముందుకొస్తుంది. నంబరు చెరిగిన తుపాకీ ఎవరి దగ్గరుంటే వారే చెరిపారని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని నిరూపించుకోవలసిన భారం యజమాని మీదే పడుతుంది.

వ్యాఖ్యాత: తెలియక చేశాను అంటే కోర్టు వినదా?

న్యాయవాది: ఆయుధం తన దగ్గరుందన్న ఎరుక ఉంటేనే అది స్వాధీనం అవుతుందని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. సంచిలో ఎవరో పెట్టిన తూటా విషయంలో ఆ వాదన నిలబడవచ్చు. డబ్బిచ్చి గొట్టం కోయించుకున్నవారికి అది అక్కరకు రాదు, ఎందుకంటే చట్టం తెలియకపోవడం వేరు, వస్తువు సంగతి తెలియకపోవడం వేరు.

వ్యాఖ్యాత: అయితే చిట్లిన గొట్టంతో ఆ ప్రేక్షకుడు ఏం చేయాలి?

తుపాకుల దుకాణదారు: ముందు దాన్ని పేల్చడం మానుకోవాలి, చిట్లిన గొట్టం చేతిలోనే పగలవచ్చు. మరమ్మతుకు లైసెన్సున్న దుకాణానికి పుస్తకంతో సహా తీసుకెళ్లి, బాగుపడుతుందో లేదో రాతపూర్వకంగా తీసుకోవాలి. బాగుపడదంటే ఆ కాగితం జతచేసి, లైసెన్సు ఇచ్చిన అధికారికి, అంటే జిల్లాల్లో కలెక్టరుకు, హైదరాబాదులో అయితే పోలీసు కమిషనరుకు, అర్జీ పెట్టుకోవాలి. జవాబు వచ్చేదాకా రంపం జోలికి పోకూడదు.