మీ ప్రతినిధికి ‘ఎఫ్’ వేసిందెవరు? ఉప్పు లెక్క రాసుకున్న మా మామయ్య కథ

[మెయిల్ బాక్సులో వచ్చిన కార్డు చేతిలో పట్టుకుని]

నమస్కారమండీ. ముందు ఈ కార్డు చూడండి. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో, మా నాషువా ఊళ్లో ఎన్నికలు దగ్గరపడితే మెయిల్ బాక్సు నిండా ఇవే. ఒక పక్క రాష్ట్ర సభలో మా ప్రతినిధి ఫొటో, దాని పక్కన ఎర్రగా ఇంత పెద్ద ‘ఎఫ్’. సాయంత్రానికల్లా దీని ఫొటో మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసింది. కింద మాటలు: ‘ఈయన సభకే వెళ్లడట’, ‘ఎక్కడో ఏదో తిన్నట్టున్నాడు’, ‘అయ్యో, ఉగాదికి వచ్చినప్పుడు ఎంత బాగా మాట్లాడాడు!’

ఆ ఎఫ్ హాజరుకి వేసిన మార్కు కాదు. అవినీతికి అసలే కాదు. ప్రభుత్వం పన్నులు తక్కువ వెయ్యాలి, ఖర్చు తక్కువ పెట్టాలి, మనిషి జోలికి తక్కువ రావాలి అని ఒక సూత్రం ఉంది. పరిమిత ప్రభుత్వం అంటారు. ఆ సూత్రాన్ని నమ్మే ఒక సంస్థ, ఆయన సభలో వేసిన ఓట్లను దానితో పోల్చి చూసి ఇచ్చిన గ్రేడు అది. ఈ మాట ప్రతి ఎన్నికకీ గ్రూపులో టైపు చేసి చేసి విసుగొచ్చింది. అందుకే ఈ వీడియో.

మా మేనమామ గురించి చెప్తాను, మీకే అర్థమవుతుంది.

మామయ్యకి బీపీ. డాక్టరు ఉప్పు తగ్గించమన్న రోజు నుంచి ఆయనకి అదొక దీక్ష. ఉప్పు ఎంత తగ్గితే మనిషికి అంత మేలని మనస్ఫూర్తిగా నమ్ముతారు. ఒకసారి మా ఇంట్లో పెళ్లి. బంతి భోజనాలు. మామయ్య ఓ చివర కుర్చీ వేసుకుని, జేబులోంచి డైరీ తీసి, ఎవరు ఏం వేయించుకుంటున్నారో రాయడం మొదలుపెట్టారు. ఆవకాయ వెయ్యమంటే మైనస్. అప్పడం వద్దంటే ప్లస్. పెరుగు వచ్చేసరికి బంతిలో అందరికీ గ్రేడ్లు తయారు. మా పిన్నికి ‘ఏ’. మా నాన్నకి ‘ఎఫ్’.

మా నాన్న భోజనానికి రాలేదా? అందరికన్నా ముందు కూర్చున్నారు. ఎవరి విస్తట్లోదైనా లాక్కున్నారా? లేదే. ఆయనకి ఆవకాయ ఇష్టం. ఆ ఎఫ్ చెప్పేది ఆ ఒక్క ముక్కే.

ఇక్కడి నుంచి ఆ బంతిని వదలకండి. వడ్డించేవాళ్లు ఒక్కో పదార్థం తెచ్చి ‘వెయ్యమంటారా?’ అని అడుగుతారు. అది బిల్లు. ‘వెయ్యండి’, ‘వద్దు’ అనేది ఓటు. మామయ్య డైరీ, స్కోర్‌కార్డు.

డైరీ పట్టుకున్నవాళ్లు ఒక పక్షానికే చెందినవాళ్లు కాదు. అమెరికన్స్ ఫర్ డెమొక్రాటిక్ యాక్షన్ అని 1947లో పుట్టిన ఉదారవాద సంస్థ ఉంది. ఏడాదికి 20 ఓట్లు ఏరి, ఒక్కోదానికి 5 చొప్పున అమెరికా కాంగ్రెస్, అంటే ఇక్కడి జాతీయ చట్టసభ, సభ్యులకు వందకి మార్కులు వేసేది. దీనికి ఎదురు పక్షంలో అమెరికన్ కన్జర్వేటివ్ యూనియన్ 1971 నుంచి వేస్తోంది. తర్వాత ఈ పద్ధతి రాష్ట్రాల సభలకూ పాకింది. ఐడహోలో ఐడహో ఫ్రీడం ఫౌండేషన్ వాళ్ల ‘ఫ్రీడం ఇండెక్స్’ ఉంది. మా దగ్గర న్యూ హాంప్‌షైర్ లిబర్టీ అలయన్స్ గ్రేడ్లు ఇస్తుంది.

మా రాష్ట్రం గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఇలాంటి సభ ఇంకెక్కడా లేదు. జనాభా దాదాపు 14 లక్షలు. ప్రతినిధుల సభలో మాత్రం 400 మంది! అంటే సుమారు 3,500 మందికి ఒకరు. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175, తెలంగాణలో 119 మంది, అక్కడ ఒక్కో ఎమ్మెల్యే కింద లక్షల మంది జనం. ఇక్కడ మా ప్రతినిధి కిరాణా కొట్టులో ఎదురవుతారు. జీతం ఎంతనుకున్నారు? ఏడాదికి 100 డాలర్లు. 1889 నుంచీ అంతే. కాబట్టి సభలో ఎక్కువమంది రిటైరైనవాళ్లు, సొంత పని చేసుకునేవాళ్లు. ఒక్కొక్కరికి విడిగా ఆఫీసు, సహాయకులు ఉండరు. పైగా ప్రతి బిల్లూ సభ ముందుకు రావాల్సిందే అన్నది ఇక్కడి సంప్రదాయం. ఏటా వందల బిల్లులు. అన్నీ చదివే టైమ్ ఎవరికి ఉంటుంది చెప్పండి?

ఆ ఖాళీలోకి లిబర్టీ అలయన్స్ వచ్చింది. సభ జరిగే రోజు ‘గోల్డ్ స్టాండర్డ్’ అని బంగారు రంగు కాగితం ఒకటి సభ్యులకు పంచుతారు. ఏ బిల్లుకి ఎలా ఓటు వెయ్యాలి, ఎందుకు అలా వెయ్యాలి అని అందులో ఉంటుంది. అంటే మామయ్య పందిరి గుమ్మం దగ్గరే నిలబడి అందరికీ చీటీ ఇచ్చినట్టు: ‘ఆవకాయ వద్దనండి, ఇదీ కారణం.’ ఇది నాకు నచ్చుతుంది. ముందే చెప్పి, కారణం రాసి, తర్వాత గ్రేడు ఇవ్వడం నిజాయితీ గల పని. ఒప్పుకోనివాళ్లు కూడా ఆ కారణం చదివి వాదించొచ్చు.

కానీ చీటీ చేతిలో పడ్డాక బంతి మారిపోతుంది. ఆవకాయ తినాలని ఉన్నా, చివర డైరీ పట్టుకుని మామయ్య కూర్చున్నారని ‘వద్దు’ అనేవాళ్లు తయారవుతారు. రేపు ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లు ఎంచుకునే ఎన్నికలో, ఈ కార్డు ఇళ్లకి వెళ్తుందని వాళ్లకి తెలుసు. అప్పుడు ఆ డైరీ మనిషి ఇష్టాన్ని కొలిచిందా, మార్చిందా? రెండూ చేసింది.

[స్క్రీన్ మీద: ‘ఎస్’ అంటే ఏమిటి?]

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది. పోయినసారి గ్రూపులో ఒకాయన రోల్ కాల్ పేజీ, అంటే ఎవరెలా ఓటేశారో పేర్లతో ఉండే రికార్డు, స్క్రీన్‌షాట్ పెట్టి, ‘చూడండి, బిల్లుకి ఎస్ అన్నాడు’ అని రాశారు. ఎస్ అన్నమాట నిజమే. దేనికి ఎస్ అన్నారో చూడలేదు. ఇక్కడ కమిటీ ఒక బిల్లు వద్దనుకుంటే ‘ఇన్‌ఎక్స్‌పీడియెంట్ టు లెజిస్లేట్’ అని సిఫార్సు చేస్తుంది. పొట్టిగా ఐటీఎల్. ఈ బిల్లుతో చట్టం చెయ్యడం తగదు అని దాని అర్థం. సభ ఓటు వేసేది ఆ సిఫార్సు మీద. అక్కడ ‘ఎస్’ అంటే బిల్లు పోవాలని! వడ్డించేవాళ్లు ‘గోంగూర వద్దు కదండీ?’ అని అడిగితే మీరు ‘అవును’ అన్నారనుకోండి. దూరం నుంచి విన్నవాళ్లు మీరు గోంగూర అడిగారనుకుంటే? ఆ స్క్రీన్‌షాట్ కింద నలభై మంది కోపంగా రాశారు. పాపం ఆయన ఆ బిల్లుని ఆపడానికే ఓటు వేశారు.

సరే, డైరీలోకి ఏ పదార్థాలు ఎక్కుతాయి? అన్నం, పప్పు ఎవరినీ అడగరు, అందరి విస్తట్లో పడిపోతాయి. సభలో మూజువాణి ఓటు అలాంటిదే, ఎవరేమన్నారో పేర్లు మిగలవు. వివాదం లేని బిల్లులు కన్సెంట్ క్యాలెండర్‌లో గుత్తగా వెళ్లిపోతాయి. డివిజన్ అడిగితే ఎన్ని ఓట్లో తెలుస్తుంది, ఎవరివో తెలియదు. రోల్ కాల్ అయితేనే పేరు పేరునా రికార్డు. కాబట్టి మామయ్య రాసింది భోజనం మొత్తం కాదు, కొన్ని పదార్థాలే.

ఆ కొన్నిట్లోనూ ఆయన ఏరుకుంటారు. 1992లో జేమ్స్ స్నైడర్ అనే రాజకీయ శాస్త్ర పరిశోధకుడు ఈ ఏరుకోవడంలోని చిక్కు లెక్కలతో చూపించారు. మా బంతిలో పెట్టి చెప్తాను. మా నాన్న ఆవకాయ ఒక్క ముక్క వేయించుకుంటారు. మా బాబాయి ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు అన్నీ కావాలంటారు, చివరికి పెరుగన్నంలో కూడా విడిగా ఉప్పు అడుగుతారు. పెరుగన్నంలో ఉప్పు దగ్గర బంతి అంతా ‘వద్దు’ అంది, బాబాయి ఒక్కరే ‘వెయ్యి’ అన్నారు. మామయ్యకి అది రాసుకోదగ్గ విషయం అనిపించలేదు. దాదాపు అందరూ ఒకే మాట అన్న చోట రాసుకోవడానికి ఏముంటుంది? బంతి సగానికి సగం చీలిన ఆవకాయే రాశారు. ఫలితం: నాన్నకీ ఎఫ్, బాబాయికీ ఎఫ్. ఇద్దరి మధ్య ఉన్న తేడా డైరీలో మాయమైంది. హోరాహోరీగా సాగిన ఓట్లనే ఏరుకుంటే మధ్యస్థంగా ఉండేవాళ్లు కూడా ఏదో ఒక చివరకి నెట్టుకుపోయినట్టు కనిపిస్తారు. సభ నిజంగా ఉన్నదానికన్నా ఎక్కువ చీలినట్టు అనిపిస్తుంది. గ్రేడ్లలో ‘ఏ’లు, ‘ఎఫ్’లు గుంపులు గుంపులుగా ఉండి, మధ్యలో ఎవరూ లేకపోతే ముందు దీన్నే అనుమానించండి.

[స్క్రీన్ మీద: హెచ్‌బీ 2, 2021]

ఇంకో చిక్కు, ఇది నిజంగా జరిగింది. 2021లో బడ్జెట్‌తో పాటు వచ్చిన హెచ్‌బీ 2 అనే బిల్లు. అందులో వడ్డీ, డివిడెండ్ల మీద పన్నుని మెల్లమెల్లగా ఎత్తేసే ఏర్పాటు ఉంది. ఆ పన్ను 2025 జనవరి 1 నుంచి పూర్తిగా పోయింది. అదే బిల్లులో, పిల్లల చదువు కోసం ప్రభుత్వ డబ్బు కుటుంబం ఎంచుకున్న బడికి వాడుకునే ఎడ్యుకేషన్ ఫ్రీడం అకౌంట్లు ఉన్నాయి. అదే బిల్లులో 24 వారాల తర్వాత గర్భస్రావం మీద నిషేధం ఉంది. జాతి, స్త్రీపురుష భేదాల గురించి బడుల్లో ఏం బోధించకూడదో చెప్పే నిబంధనలూ అందులోనే ఉన్నాయి. దీన్ని పరిమిత ప్రభుత్వం కొలతతో తూచండి చూద్దాం. పన్ను పోవడం ప్లస్. మరి టీచరు ఏం చెప్పకూడదో ప్రభుత్వం చెప్పడం? అది జోలికి రావడమే. చదువు డబ్బు తల్లిదండ్రుల ఎంపికకి వదలడం స్వేచ్ఛే, కానీ ఖజానాకి అది ఖర్చు కూడా. పప్పు, ఆవకాయ, బూరె ఒకే గరిటెలో కలిపి తెచ్చి ‘వెయ్యమంటారా, వద్దా?’ అని అడిగారు. ఏం చెప్పినా అందులో ఉప్పు ఎంతో, తీపి ఎంతో విడదీయలేం. అలాంటి ఓటుకి ఒకే ఒక్క మార్కు ఇచ్చిన డైరీని నేను అంతగా నమ్మను.

సీటు బెల్టు సంగతి కూడా చెప్పాలి. పెద్దవాళ్లు సీటు బెల్టు పెట్టుకోవాలనే చట్టం లేని ఒకే ఒక్క అమెరికా రాష్ట్రం మాది. 18 ఏళ్ల లోపు వాళ్లకే తప్పనిసరి. ఇక్కడి కార్ల నంబర్ ప్లేట్ల మీద ‘లివ్ ఫ్రీ ఆర్ డై’ అని రాసి ఉంటుంది, స్వేచ్ఛగా బతుకు లేదా చచ్చిపో అని. పెద్దవాళ్లకీ బెల్టు తప్పనిసరి చేసే బిల్లు వచ్చిందనుకోండి. పరిమిత ప్రభుత్వం లెక్కలో ‘వద్దు’ అంటేనే ప్లస్, ఆ సూత్రానికి అది సరైన జవాబే. నేను మాత్రం ఆ బిల్లు కావాలంటాను. ఇక్కడి రోడ్ల మీద రోజూ డ్రైవ్ చేసేవాణ్ణి, ప్రమాదాలు చూశాను. మా ప్రతినిధి దానికి ‘ఎస్’ అని మైనస్ తెచ్చుకుంటే, ఆ మైనస్ చూసే నేను ఆయనకి ఓటేస్తాను. మా పక్కింటాయన అదే మైనస్ చూసి వెయ్యరు. డైరీ మా ఇద్దరికీ ఉపయోగపడింది! మామయ్య డైరీ చింపెయ్యమని నేను ఎప్పుడూ అనను. అది లేకపోతే 400 మంది ఏం చేశారో మాకు తెలిసేదే కాదు. అందులో రాసింది ఉప్పు లెక్క అని తెలిసి చదవమంటున్నాను.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

సభ్యులు ఓటింగ్‌కి రాకపోతే ఏమవుతుంది? ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతి. ఇందాక చెప్పిన అమెరికన్స్ ఫర్ డెమొక్రాటిక్ యాక్షన్ లెక్కలో ఓటు వెయ్యకపోతే ఆ 5 మార్కులూ పోయినట్టే. ఆసుపత్రిలో ఉన్నవాళ్లకీ మార్కులు తగ్గేవి. ఏ కార్డు చూసినా గైర్హాజరీని ఎలా లెక్కేశారో వెతకండి.

ఐడహోలో 70 మార్కులు, న్యూ హాంప్‌షైర్‌లో 70 మార్కులు ఒకటేనా? కాదు. ఆ పెళ్లి వేరు, ఈ పెళ్లి వేరు, వడ్డించిన పదార్థాలే వేరు. రాష్ట్రాల మధ్య పోల్చాలంటే అందరినీ అడిగిన ఉమ్మడి ప్రశ్నలు ఏవో ఉండాలి. బోరిస్ షోర్, నోలన్ మెకార్టీ అనే రాజకీయ శాస్త్ర పరిశోధకులు 2011లో ఆ పనే చేశారు. వేర్వేరు రాష్ట్రాల అభ్యర్థులు జవాబిచ్చిన ఒకే ప్రశ్నావళిని వాళ్ల రోల్ కాల్ ఓట్లతో జోడించారు. దాని మీద విడిగా వీడియో చేస్తాను.

మన ఇండియాలో ఇలాంటి గ్రేడ్లు ఎందుకు లేవు అని చాలామంది అడిగారు. 1985లో వచ్చిన పదో షెడ్యూలు, అదే పార్టీ ఫిరాయింపుల చట్టం. ఇలా ఓటెయ్యాలని పార్టీ ఇచ్చే ఆదేశానికి, అంటే విప్‌కి, ఎదురు ఓటేస్తే సభ్యత్వం పోవచ్చు. ఇంటి పెద్ద ‘మన బంతిలో అందరూ ఆవకాయ తినాలి’ అన్నాక మామయ్య రాసుకోవడానికి ఏం మిగులుతుంది? అందుకే 2005లో మొదలైన పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ మన ఎంపీల హాజరు, అడిగిన ప్రశ్నలు, పాల్గొన్న చర్చలు లెక్క చెప్తుంది. మనవాళ్లు ఎఫ్ చూడగానే ‘సభకి వెళ్లడట’ అనుకోవడం ఇక్కడి నుంచే వచ్చిందని నా అనుమానం. మనకి అలవాటైన లెక్క అది.

[కార్డు వెనక్కి తిప్పి]

ఈ కార్డు వెనక చిన్న అక్షరాల్లో మూడు బిల్లు నంబర్లు ఉన్నాయి. రాత్రి కూర్చుని మూడూ చదివాను. రెండిట్లో నేనున్నా ఆయనలాగే ఓటేసేవాణ్ణి. మూడోదాంట్లో ఆయన ఓటు నాకు నచ్చలేదు. శనివారం లైబ్రరీలో జనాన్ని కలుస్తున్నారట, కార్డు పట్టుకెళ్లి ఆ ఒక్కటీ అడుగుతాను. ఏమన్నారో వచ్చే వీడియోలో చెప్తాను.