ఒళ్లు మారిన కథలో ఇంటోళ్ల సంగతి

(నల్గొండలో బొమ్మల కథల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, గ్రంథాలయం సిబ్బందికి, మిర్యాలగూడ, దేవరకొండ, నకిరేకల్ దిక్కుల నుంచి పొద్దుగాల్నే బస్సెక్కి వచ్చిన పిల్లలకు నమస్కారం. అందరి పేర్లు చదివితే నాకిచ్చిన టైము దానికే సరిపోతది, మన్నించాలె.

సూపర్‌హీరో కామిక్స్‌లో ఆటపట్టించే కథలు, ఒళ్లు మార్చుకునే కథలు అని నాకు రెండు అంశాలిచ్చిన్రు. నా లెక్కన రెండూ ఒక్కటే. ఒకరి ఒంట్లో ఇంకొకరు దూరి తిరగడం కన్న పెద్ద ఆటపట్టింపు ఏముంటది?

చిన్నదాని సంగతి మొదలు చెప్త. 1944లో సూపర్‌మాన్ 30వ సంచికలో ఒక పొట్టోడు వస్తడు. ఇప్పుడు వాని పేరు మిక్సిజ్‌ప్ట్లిక్ అంటరు. వేరే లోకపోడు, ఏది తలుచుకుంటే అది చేస్తడు. సూపర్‌మాన్ బలం వాని ముందట దేనికీ పనికిరాదు. వాని పేరు వాని నోటితోనే తిరగేసి పలికియ్యాలె. పలికిండంటే తన లోకానికి పోతడు. బలవంతునికి బలంతో గెలవలేని శత్రువును పెట్టిన్రు, గెలిచే దారి మాత్రం ఒక్కటే ఇచ్చిన్రు. మీరు రాసేటప్పుడు కూడ దారి ఒక్కటే పెట్టండి. రెండు పెడితే పాఠకుడు నమ్మడు.

ఇగ అసలు సంగతికి వద్దాం. 1963 జనవరి తారీఖుతో ఫెంటాస్టిక్ ఫోర్ 10వ సంచిక వచ్చింది. స్టాన్ లీ రాసిండు, జాక్ కర్బీ గీసిండు. ఫెంటాస్టిక్ ఫోర్ అంటే నలుగురు హీరోల జట్టు, దాని నాయకుడు రీడ్ రిచర్డ్స్. వాళ్ల శత్రువు డాక్టర్ డూమ్ రీడ్ ఒంట్లోకి దూరి, రీడ్‌ను తన ఇనుప కవచంలోకి తోస్తడు. సొంత మనుషులే రీడ్‌ను నమ్మరు. ఎట్ల బయటపడ్డది? జట్టులో మంటలు పుట్టించే జానీ తన వేడితో ఎండమావి పుట్టించి, పేలబోతున్న డైనమైట్ కట్ట ఉన్నట్టు చూపెడతడు. డైనమైట్ లేనే లేదు. డూమ్ ఒంట్లో ఉన్నోడు అందర్నీ కాపాడుదామని చూస్తడు. రీడ్ మొఖం పెట్టుకున్నోడు తన పానం తను చూసుకుంటడు. ఆ ఒక్క ప్యానెల్‌తోటి, అంటే ఒక్క బొమ్మ గడితోటి, తేలిపోయింది. ఒక మోసాన్ని ఇంకొక ఉత్తుత్తి మోసంతోటి పట్టిన్రు. మొఖం చూసి కాదు, చేసిన పని చూసి పట్టిన్రు. ఇది రాసుకోండి తమ్ముండ్లారా, ఒళ్లు మారిన కథకు పునాది ఇదే.

బొమ్మలో దీన్ని ఎట్ల చూపెట్టాలె? మన దేవరకొండ బస్సునే తీసుకుందాం. కండక్టరమ్మ, డిగ్రీ చదివే పిల్లగాడు ఒళ్లు మార్చుకున్నరు. మాటల్లో చెప్పకండి. బస్సు మలుపు తిరుగుతుంటే కండక్టర్ చొక్కా వేసుకున్న మనిషి రెండు చేతులతో రాడ్ పట్టుకుని ఊగుతుండాలె. అవుతల కాలేజీ బ్యాగు తగిలించుకున్న పిల్లగాడు ఏదీ పట్టుకోకుండ, కాళ్లు ఎడంగ పెట్టి, నడుము సీటుకు ఆనించి నిలబడాలె. చేతిలో ఉన్న నోట్లను నిలువునా మడిచి వేళ్ల సందున పెట్టుకోవాలె. అది చూసిన పాఠకుడు తనే కనిపెడతడు. కానీ, కథ మొదట్ల కండక్టరమ్మ చేతులు కనీసం రెండు ప్యానెళ్లలో చూపెట్టి ఉండాలె. ముందు చూపెట్టని అలవాటు తర్వాత పనికిరాదు.

చాలమంది చెడగొట్టేది ఇక్కడనే. మచ్చలు, కండ్లద్దాలు, గొంతు ఒంటితోనే ఉంటయి, అలవాట్లు, భయాలు, మాటతీరు మనసుతో పోతయి. బొమ్మ గీసేటాయన మూడో పేజీలో మర్చిపోయి కండ్లద్దాలను మనసుతో పాటు పంపిస్తడు, పాఠకుడు ఆడనే ఆగిపోతడు. మాటల బుడగ తోక ఒంటి దిక్కే ఉండాలె. మనసులో మాట రాసే క్యాప్షన్ డబ్బా రంగు మాత్రం మనసుకు కట్టెయ్యండి, ఒళ్లు మారినా రంగు మారొద్దు. గుట్టు చివరిదాక దాచాలంటే క్యాప్షన్లకు ఒక్కటే రంగు వాడండి. పాత జ్ఞాపకాలు ఒంటితో ఉంటయా, మనసుతో పోతయా అన్నది పెన్సిల్ పట్టకముందే తేల్చుకోవాలె.

తేల్చుకుంటే ఎంత బలమొస్తదో 2012లో రచయిత డాన్ స్లాట్ చూపెట్టిండు. అమేజింగ్ స్పైడర్‌మాన్ 698వ సంచిక మొత్తం పీటర్ పార్కర్, అంటే స్పైడర్‌మాన్ వేషం వేసేటోడు, హాయిగ తిరుగుతున్నట్టే ఉంటది. చివరికి జైలు మంచం మీద సావుకు దగ్గరపడ్డ పాత శత్రువు డాక్టర్ ఆక్టోపస్ కాడికి పోతడు. ఈ ఆక్టోపస్ అసలు పేరు ఆటో. పీటర్ మనసు ఆ మంచం మీదున్న ఒంట్లో ఉన్నదని అప్పుడు తెలుస్తది! మళ్ల మొదటికెల్లి చదివితే ప్రతి మాటకు అర్థం మారిపోతది. 700వ సంచికలో పీటర్ ఆ ముసలి ఒంట్లోనే పోతడు. పీటర్ జ్ఞాపకాలు ఆటోకు దొరికినయి కాబట్టే ఇంటోళ్లను మోసం చెయ్యగలిగిండు.

ఇంటోళ్లు అన్న గద, నేను చెప్పాలని వచ్చింది ఇదే. పవర్ల గురించి, ఫైటింగుల గురించి ఇంకో అర్ధగంట చెప్దామనుకున్న, అది పక్కన పెడత.

పీటర్‌ను పెంచిన పెద్దమ్మ మే సంగతి చూడండి. 1974లో, 131వ సంచికలో ఆమెకు ఈ ఆక్టోపస్‌తోటి పెండ్లి దాక పోయింది. ఆ మనిషే ఇప్పుడు ఆమె కొడుకు లెక్క పెంచుకున్న పిల్లగాని ఒంట్లో ఉన్నడు. ఆమెకు తెల్వదు. సుపీరియర్ స్పైడర్‌మాన్ వరుసలో ఆటో పీటర్ పేరు మీద పీహెచ్‌డీ తెచ్చిండు, కంపెనీ పెట్టిండు, అన్నా మరియా మార్కోనీ అనే చదువరిని ప్రేమించిండు. ఆమె ప్రేమించింది మనసును, కానీ ఆమె ఎరిగిన పేరు, మొఖం వేరేవాళ్లవి. 2014లో ఆమెను కాపాడటం తన చేత కాదని తెలిసి ఆటో ఒళ్లు తిరిగిచ్చేస్తడు. అది గొప్ప ఘట్టమే, కాదనను. కానీ, అక్కడికెల్లి అన్నా మరియా ఎట్ల బతకాలె? పీటర్ మొఖం రోజూ ఎదురొస్తది, లోపలున్నది తను ప్రేమించినోడు కాదు. ఆ బాధ రాయడానికి ఎన్ని పేజీలిచ్చినా తక్కువే.

మనకు ఇది కొత్త గాదు. పరకాయ ప్రవేశం మనందరం విన్నదే. ఆది శంకరులు అమరుక రాజు ఒంట్లోకి పోయిన కథలో సొంత దేహాన్ని గుహలో పెట్టి శిష్యులను కాపలా ఉంచుతరు. దేహం కాలిపోతే తిరిగి రావడానికి దారి ఉండదని ఆ కథకు తెలుసు, నియమం అంత కచ్చితంగ ఉన్నది. కానీ, సచ్చిపోయిండనుకున్న రాజు లేచి కూసుంటే సంబురపడ్డ రాణులు, ఆయన మళ్ల పడిపోతే ఏమయిన్రు? ఆ కథ వినేటప్పుడు మనం అడగం. అడగాలె.

ఊర్లెకు వచ్చే పగటి వేషగాడు చివరిరోజు తను ఎవరో చెప్పి, అందరికి దండం పెట్టి, ఇచ్చింది తీసుకుని పోతడు. ఒళ్లు మార్చుకున్న పాత్ర కూడ అట్ల ఒక్కొక్క గడప ఎక్కి చెప్పాలె. మన కండక్టరమ్మ సంచిలో ఆ పూట పైసలు తక్కువ పడితే డిపోల ఎవరు కట్టాలె? ఆమె బిడ్డ ఆ సాయంత్రం ఎవరిని అవ్వా అని పిలిచి, ఎవరి పక్కన పండుకున్నది? అమ్మా, నాయినా, ఈ ప్రశ్నను నవ్వులాట కింద తీసిపారెయ్యకండి. మోసపోయింది శత్రువు గాదు, ఆ బిడ్డ.

ఇప్పుడు మీకు తెల్ల కాగితాలు ఇస్తరు. ఒక్కొక్కరు ఆరు ప్యానెళ్లు గీసుకోండి. మొదటి రెండింటిలో ఇద్దరి అలవాట్లు, మూడు, నాలుగులో ఒళ్లు మారిన తర్వాత చేతులు, నడక, ఇంతే. ఈ నాలుగింట్లో మాటలు వద్దు. ఐదోదాంట్లో ఎవరి ఒళ్లు వాళ్లకు రావాలె. ఆరోది పెద్దగ, కాగితంలో సగం గీయండి. అందులో ఆ ఇద్దరూ ఉండొద్దు, ఇంట్లో మోసపోయిన మనిషి ఒక్కరే ఉండాలె. ఆ మనిషి అనే మొదటి మాట రాయండి. భోజనాలకు లేచేలోపు అన్నీ ఈ గోడకు అంటిద్దాం.