హిప్ రివిజన్ సర్జరీ: రెండోసారి పెట్టిన ఇంప్లాంట్‌కి పట్టు ఎక్కడ దొరుకుతుంది?

ఒకసారి తుంటి కీలు మార్పించుకున్నారు, కొన్నేళ్ళు బానే నడిచారు, ఇప్పుడేమో అది లూజ్ అయింది మళ్ళీ ఆపరేషన్ చెయ్యాలి అన్నారు. అప్పుడు ఎవరైనా అడిగేది ఒకటే, ఈసారైనా గట్టిగా నిలబడుతుందా అని. ఈ ప్రశ్నకి అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే లోపల ఏం జరుగుతుందో తెలిస్తే భయం సగం తగ్గుతుంది, జాగ్రత్త డబుల్ అవుతుంది.

గోడకి కొట్టిన మేకు ఊగి ఊగి ఊడొచ్చింది అనుకోండి. అదే చిల్లులో అదే సైజు మేకు పెడితే నిలుస్తుందా, నిలవదు కదా. లావు మేకన్నా కావాలి, లేదా ఆ చిల్లు దాటి లోపల గట్టి గోడ తగిలేదాకా దిగే పొడుగు మేకన్నా కావాలి. రివిజన్‌లో, అంటే ఈ రెండో ఆపరేషన్‌లో, సర్జన్ పడే తిప్పలన్నీ ఇవే. పాత కప్పు, అంటే కటి ఎముకలో బిగించిన గిన్నెలాంటి భాగం, అరిగి రాలిన ప్లాస్టిక్ పొడి ఉంటుంది చూశారా, కంటికి కనపడనంత సన్నం, దాన్ని మన ఒంట్లో కణాలు మింగి, అరిగించుకోలేక, చుట్టూ ఉన్న ఎముక కరిగిపోయేలా చేస్తాయి. దానికి తోడు పాత స్టెమ్ (తొడ ఎముక లోపలికి దిగే లోహపు కడ్డీ), పాత సిమెంట్ తీసేటప్పుడు ఇంకొంచెం ఎముక పోతుంది. అంటే కొత్త ఇంప్లాంట్ కూర్చోవాల్సిన చోటే బలహీనంగా ఉంటుందన్నమాట.

ఇక్కడ ఒక మాట. స్టెబిలిటీ అంటే చాలామంది బంతి కప్పులోంచి జారకుండా ఉండడం అనుకుంటారు. అది కీలు స్టెబిలిటీ, దానికి డ్యూయల్ మొబిలిటీ కప్పుల్లాంటివి, అంటే రెండు చోట్ల కదిలేలా చేసిన కప్పులు, ఉన్నాయి, ఫ్రాన్స్‌లో బూస్కే అనే సర్జన్ 1970ల్లోనే తెచ్చిన ఐడియా అది. నేను ఇవాళ చెప్పేది వేరే, ఇంప్లాంట్‌కి ఎముకకి మధ్య పట్టు గురించి.

ఈ పట్టు రెండు దశల్లో వస్తుంది. ఆపరేషన్ టేబుల్ మీద సర్జన్ బిగించేది మొదటిది. రెండోది మన ఎముకే పెరిగి ఆ లోహం మీదున్న సన్న సన్న రంధ్రాల్లోకి వెళ్ళి అల్లుకోవడం, దీనికి వారాలు, నెలలు పడుతుంది. ఈలోపు ఇంప్లాంట్ కదలకూడదు, కదలకూడదంటే ఎంత అనుకుంటున్నారు? కదలిక సుమారు 40 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు ఉంటే ఎముక అల్లుకుంటుంది, 150 దాటితే ఎముక బదులు మెత్తటి పీచు పొర తయారవుతుంది, ఇక అది లూజే. మన తల వెంట్రుక మందం దాదాపు 70 నుంచి 100 మైక్రాన్లు. అంటే రెండు వెంట్రుకల మందం కదలికతో అంత పెద్ద ఆపరేషన్ ఫలితం తారుమారు కావచ్చు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను.

అందుకే తొడ ఎముకలో పైభాగం పాడైతే దాన్ని వదిలేసి కిందున్న గట్టి గొట్టం దగ్గర పట్టు వెతుకుతారు. ఎముక ఎంత పాడైందో చూసి రకాలుగా విడదీసే పాప్రోస్కీ వర్గీకరణ అని ఒకటుంది, అందులో అక్కడ కనీసం 4 సెంటీమీటర్లు మంచి ఎముక దొరుకుతుందా లేదా అన్నది పెద్ద లెక్క. జర్మనీలో వాగ్నర్ అనే సర్జన్ 1987లో తెచ్చిన స్టెమ్ ఈ సమస్యకి భలే జవాబు, టైటానియంది, కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది, చుట్టూ నిలువుగా పదునైన గట్లు. గొడ్డలికి చీల దిగ్గొట్టినట్టు దిగి బిగుసుకుంటుంది, ఆ గట్లేమో ఎముకని కరిచిపట్టి తిరగనివ్వవు. చిక్కేంటంటే సైజు కొంచెం తక్కువైనా, సరిగ్గా బిగుసుకోకపోయినా, బరువు పడ్డాక ఇంకా కిందికి దిగుతుంది, దాన్నే సబ్సిడెన్స్ అంటారు, కాలు పొట్టవుతుంది, కీలు జారే ప్రమాదమూ పెరుగుతుంది. కటి ఎముక వైపు అయితే స్పాంజిలా రంధ్రాలున్న టాంటలం అనే లోహపు కప్పులు, స్క్రూలు, ఎముక లేని ఖాళీలో నింపే ఆగ్మెంట్లు వాడతారు.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పాలనుకునేది. డాక్టర్ వాకర్ పట్టుకుని సగం బరువే వెయ్యమంటే, నొప్పి లేదు కదా అని కర్ర పక్కన పడేయకండి. నొప్పి తగ్గడం వేరు, ఎముక అల్లుకోవడం వేరు. ఎన్ని వారాలన్నది మీ ఎముకని తెరిచి చూసిన సర్జనే చెప్పాలి, పక్కింటాయన మూడో వారంలో మెట్లెక్కాడు అన్నది మీకు లెక్కలోకి రాదు.

కూర్చుని లేచి మొదటి నాలుగడుగులు వేసేటప్పుడు తొడలో నొప్పొచ్చి, కాస్త నడిచాక తగ్గుతుంటే మాత్రం చెప్పకుండా ఉండొద్దు, స్టెమ్ వదులైతే కనపడే లక్షణాల్లో అదొకటి. ఇంకోటి, ఆపరేషన్ అయిన వెంటనే తీసిన ఎక్స్‌రే ఉంటుంది కదా, దాన్ని భద్రంగా దాచుకోండి, ప్రతి చెకప్‌కీ తీసుకెళ్ళండి. స్టెమ్ 5 మిల్లీమీటర్లు దిగినా ఒక్క ఎక్స్‌రే చూసి ఎవరూ పట్టుకోలేరు, పాతది పక్కన పెట్టి కొలిస్తేనే తెలుస్తుంది.