పోయిన నెల చదివిన పుస్తకాల్లో నాకు గుర్తున్నదెంత?

[తెర మీద: బల్లపైన ఒకదానిమీద ఒకటి నాలుగు పుస్తకాలు]

పోయిన నెలలో ఈ నాలుగూ చదివాను. నాలుగూ నచ్చాయి. మొన్న స్నేహితురాలు ఫోన్ చేసి, "ఆ నవల భలే ఉందన్నావుగా, కథేంటి?" అని అడిగింది. మొదలుపెట్టాను. మూడో వాక్యం దగ్గరే తడబడ్డాను, హీరోయిన్ పేరు గుర్తు రాలేదు. ముగింపు మాత్రం ధీమాగా చెప్పేశాను. పుస్తకం మూసి ఇరవై రోజులే అయింది. రాత్రి రెండింటిదాకా మేలుకుని చదివిన పుస్తకం అది!

ఇంకా విచిత్రం, మిగతా మూడింట్లో రెండు జ్ఞాపకశక్తి గురించే.

[తెర మీద: కిందికి జారే వంపు గీత]

మొదటిది హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1885లో జర్మన్‌లో రాసిన చిన్న పుస్తకం. నేను చదివింది ఇంగ్లిష్ అనువాదం. ఆయన ప్రయోగం చేసింది ఒకే ఒక్క మనిషి మీద, తన మీదే. అర్థం లేని అక్షరాల గుంపులు సుమారు 2,300 తయారుచేసుకుని, వరుసలుగా పేర్చి బట్టీ పట్టేవాడు. కొంతకాలం వదిలేసి అదే వరుస మళ్లీ బట్టీ పట్టి, ఈసారి ఎంత శ్రమ కలిసొచ్చిందో లెక్క కట్టేవాడు. 20 నిమిషాల తర్వాత సుమారు 58 శాతం. ఒక రోజుకి 34. 31 రోజులకి 21.

ఈ అంకెలు చూపించి "నెలకి 79 శాతం మర్చిపోతాం" అనేవాళ్లున్నారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఆయన కొలిచింది అది కాదు. పైకి ఒక్క ముక్క గుర్తు రాకపోయినా రెండోసారి పని సులువవుతుంది, ఆ సులువునే కొలిచాడు. గీత చూడండి, మొదట్లో నిట్టనిలువుగా పడి, తర్వాత దాదాపు చదునుగా సాగుతోంది. పోయేదంతా మొదట్లోనే ఎక్కువ పోతుంది. ఈ పుస్తకం సరదాగా మాత్రం సాగదు, ముందే చెప్తున్నా. నాకు నచ్చింది ఆ మనిషి ఓపిక.

సరే, నవల అర్థం లేని అక్షరాల గుంపు కాదుగా?

[తెర మీద: నీళ్ల మీద దోనె]

ఇక్కడ రెండోది, ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1932 పుస్తకం పనికొచ్చింది. ఉత్తర అమెరికా ఆదివాసుల దెయ్యాల యుద్ధం కథ ఒకటి ఇంగ్లండ్‌లో కొందరిచేత చదివించి, తర్వాత చూడకుండా రాయించాడు. రోజులు గడిచేకొద్దీ కథ కురచైంది, మారింది కూడా. దోనె కాస్తా బోటు అయింది. సీల్ అనే సముద్ర జంతువు వేట చేపల వేట అయింది. కొందరి కథల్లో అసలు దెయ్యాలే లేవు! కొత్తగా, వింతగా అనిపించిన చోటల్లా తమకు తెలిసినదాన్ని పెట్టి సర్దేసుకున్నారు. మార్చేశామని వాళ్లకే తెలియదు.

నేను చేసిందీ అదే. నవల చివర్లో ఆమె ఉత్తరం కాల్చేస్తుందని చెప్పాను కదా, ఫోన్ పెట్టేశాక అనుమానమొచ్చి పేజీ తీశాను. కాల్చదు. మడిచి పెట్టెలో దాస్తుంది. కాల్చడం నా సొంత పైత్యం. సినిమాలెక్కువ చూస్తే ఇలాగే ఉంటుంది.

ఇక ఏం చేయొచ్చంటే, రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థులకు చిన్న పాఠాలు ఇచ్చారు. కొన్ని పాఠాలు రెండోసారి చదివించారు, కొన్ని చూడకుండా రాయించారు. ఐదు నిమిషాలకు పరీక్ష పెడితే మళ్లీ చదివిందే మెరుగ్గా గుర్తుంది. వారం తర్వాత తారుమారైంది. మళ్లీ చదివింది 42 శాతం, రాసింది 56.

అందుకే ఇప్పుడు పుస్తకం పూర్తయిన మర్నాడు, దాన్ని ముట్టుకోకుండా అరపేజీ రాస్తున్నా. పేర్లు, మలుపులు, నేను చదవడం ఆపి ఆలోచనలో పడ్డ ఒక చోటు. తప్పులుంటే తర్వాత దిద్దుకుంటా. అండర్‌లైన్ చేయడం మానేశానని మాత్రం అనను, చేతి అలవాటు.

[తెర మీద: కాగితం, రెండే రెండు మాటలు]

నాలుగోది కవితల పుస్తకం. దానికీ రాయబోతే "వాన, ఖాళీ కుర్చీ" దగ్గర పెన్ను ఆగిపోయింది. ఒక్క పంక్తి కూడా రాలేదు. కానీ ఈ కాగితం చూసినప్పుడల్లా చదివిన రోజు సాయంత్రం మూడ్ అంతా తిరిగొస్తోంది. దీన్ని ఏ శాతంలో వేయాలో!

అన్నట్టు, ఆ హీరోయిన్ పేరు. నవల మొదటి పేజీ నుంచి మళ్లీ వెతికాను. రచయిత్రి ఆమెకి పేరే పెట్టలేదు.