తొడిమల ఘాటు అంటిన 50 రూపాయలు

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ వందనాలు. గుంటూరు నుంచి మాట్లాడుతున్నాం. ఇక్కడి సంఘాలు ఇచ్చే కానుకలను చింతూరు మండలంలోని కోయ గూడేల్లో జరిగే సువార్త పనికి చేరవేసే అయ్యగారు ఈ రోజు మనతో ఉన్నారు. వందనాలు అయ్యగారూ.

అయ్యగారు: వందనాలమ్మా. ఈ రోజు ఏమీ అడగడానికి రాలేదు. ఇచ్చినవాళ్లకు కృతజ్ఞత చెప్పుకోవాలని వచ్చాను. అడిగేటప్పుడు అరగంట ప్రసంగిస్తాం, కృతజ్ఞత మాత్రం రసీదు మీద ఒక్క ముక్కతో సరిపెడతాం. ఇది నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది.

వ్యాఖ్యాత: ఎవరితో మొదలుపెడదాం?

అయ్యగారు: మిర్చి యార్డు దగ్గర తొడిమలు తీసే ఒక అమ్మతో. పేరు చెప్పవద్దన్నారు. ప్రతి నెలా మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక, కొంగు ముడి విప్పి 50 రూపాయలు నా చేతిలో పెడతారు. నోటు గుడ్డలా మెత్తబడి ఉంటుంది, మిర్చి ఘాటు వస్తుంటుంది. ఒకసారి దాన్ని లెక్కపెట్టిన చేత్తోనే కళ్లు తుడుచుకున్నాను. మంట సాయంత్రం దాకా తగ్గలేదు. ఆమె చేతులు రోజంతా ఆ మంటలోనే ఉంటాయి కదా! అప్పటి నుంచి ఆ నోటును మిగతా డబ్బులో కలపాలంటే నాకు మనసొప్పదు.

వ్యాఖ్యాత: మిషను అనగానే విదేశీ డబ్బే అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు.

అయ్యగారు: ఆ రుణం కాదనకూడదమ్మా. అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చింది 1842 జూలై 31న. డాక్టర్ అన్నా కుగ్లర్‌ను పంపింది అమెరికాలోని లూథరన్ స్త్రీల సమాజం. ఆమె 1883లో వచ్చారు, ఆసుపత్రి తెరిచింది 1898లో. మధ్యలో పదిహేనేళ్లు! గుంటూరును కలలో కూడా చూడని స్త్రీలు అన్నేళ్లూ విసుగు లేకుండా పంపుతూనే ఉన్నారు. నేను పుట్టింది ఆ ఆసుపత్రిలోనే. నేను పుట్టిన మంచానికి డబ్బిచ్చిన తల్లి ఎవరో నాకు ఎన్నటికీ తెలియదు.

వ్యాఖ్యాత: మనవాళ్లు ఇవ్వడం ఎప్పుడు మొదలైంది?

అయ్యగారు: అదీ పాతదే. 1903లో, తర్వాత దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారూ మరికొందరూ తిరునెల్వేలిలో మిషనరీ సంఘం పెట్టారు. తమిళ విశ్వాసుల కానుకలతో ఆ సంఘం పని మొదలుపెట్టింది మన తెలుగు నేలమీదే, దోర్నకల్ ప్రాంతంలో. మిజోరంలో 1910 నుంచి స్త్రీలు వండే ముందు పిడికెడు బియ్యం దేవుని పనికి తీసిపెడుతున్నారు. మా అమ్మ కూడా ఎసట్లో పోసే ముందు ఒక గుప్పెడు డబ్బాలో వేసేది. ఆ గింజల చప్పుడు నాకింకా చెవిలోనే ఉంది.

వ్యాఖ్యాత: గూడెం సంగతి చెప్పండి.

అయ్యగారు: 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. దాంతో శబరి నది ఎగదన్నింది. మేము వెళ్లే గూడెం వాళ్లు గుట్ట మీదికి చేరి అక్కడే పాకలు వేసుకున్నారు. పైన నీళ్లు లేవు. ఇక్కడి సంఘాలు బోరుకు డబ్బు పోగుచేశాయి. వేయించాం... పడలేదు. దుమ్మే వచ్చింది.

వ్యాఖ్యాత: ఇచ్చినవాళ్లకు చెప్పారా?

అయ్యగారు: రెండు ఆదివారాలు చెప్పలేకపోయాను. పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రిక గుర్తొచ్చింది. కానుక అందిందని రాసి ఊరుకోలేదు ఆయన. కానుక తెచ్చిన ఎపఫ్రొదితు జబ్బుపడి చావు దాకా వెళ్లాడని కూడా రాశాడు. ఇచ్చినవాళ్లకు మంచి కబురే చెప్పాలని ఎక్కడుంది? మూడో ఆదివారం నిలబడి, బోరు పడలేదని చెప్పాను. గొంతు పెగల్లేదు. బయటికి వచ్చాక ఆ అమ్మ, "మా పొలంలో మూడు పడలేదయ్యగారూ, భూమి లోపల ఎవరికి తెలుసు?" అని, ఎప్పటిలాగే కొంగు ముడి విప్పారు. నేనైతే ఆ రోజు ఆమె నుంచి నేర్చుకున్నాను.

వ్యాఖ్యాత: ఆ తర్వాత?

అయ్యగారు: గూడెం పెద్ద ఒకాయన పైనున్న ఊట చూపించారు. అది ముందే మేము అడగవలసిన మాట. అక్కడి నుంచి పైపు దించాం. అక్కడి సువార్తికుడు, యువకులు కలిసి కాలువ తవ్వారు. ఈ కబురు చెబితే ఆ అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "నీళ్లు ఉప్పగా ఉంటాయా?" అని. బోరు నీళ్లు తాగినవాళ్లకే వచ్చే ప్రశ్న అది. కిందటి ప్రయాణంలో ఒక సీసాలో పట్టి తెచ్చాను. చర్చి మెట్ల మీద కూర్చుని ఒక్క గుక్క తాగారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మూత బిగించి, సంచిలో పెట్టుకున్నారు. పక్కన కూర్చుని తొడిమలు తీసేవాళ్లకు కూడా రుచి చూపిస్తారట.